మరియా గ్రాసియా పావడా

"ఈ నేలకి ద్రాక్షను తీసుకొచ్చింది ఫాదర్లు" అని చెప్పి, ఆ అమ్మాయి నా గ్లాసులో రెండు గుక్కలంత వైన్ పోసింది. పాతికేళ్ళు కూడా ఉండవు. తెల్ల చొక్కా, నల్ల ఏప్రన్. గ్లాసుని కాడ దగ్గర పట్టుకుని ఎలా తిప్పాలో, ఎలా వాసన చూడాలో, గుక్కని నాలుక మీద ఎంతసేపు ఉంచాలో ఓపిగ్గా చూపించింది. మింగడం ఇష్టం లేకపోతే ఉమ్మెయ్యడానికి పక్కనే చిన్న పాత్ర పెట్టింది. గోడ నిండా అద్దం. అద్దం అవతల పచ్చటి తోట, దాని వెనక ఎండిపోయిన కొండలు.

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా రాష్ట్రం, గ్వాదలూపె లోయ. ఆ దేశంలో తయారయ్యే వైన్‌లో అధిక భాగం ఈ ప్రాంతానిదే. పోయిన ఆగస్టులో ఒక సదస్సు కోసం అమెరికాలోని సాన్ డియేగో వెళ్ళాను. అక్కడ స్పానిష్ సాహిత్యం బోధించే నా స్నేహితురాలు "ఒకరోజు సరిహద్దు దాటి వద్దాం, కోతల పండగ రోజులు" అంది. ఉదయం బయల్దేరి తిహువానా మీదుగా, సముద్రాన్ని ఆనుకునే వెళ్ళే దారిలో ఎన్సెనాడా వైపు వెళ్ళాం. మధ్యాహ్నానికి ఒక పెద్ద రిసార్టులో, ఒక్కో గది ఒక్కో కొండరాయి మీద కట్టినట్టున్న చోట, వైన్ రుచి చూడ్డానికి కూర్చున్నాం.

గ్లాసు చేతిలో ఉంది గానీ నోటిదాకా రాలేదు. నాది నెల్లూరు జిల్లా. 1992లో మా ఊళ్ళో ఆడవాళ్ళు సారా కొట్టు ముందు బైఠాయించినప్పుడు నాకు నాలుగేళ్ళు. అమ్మ అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీరు. రాత్రి బడిలో సీతమ్మ కథ పాఠం చదివిన ఆడవాళ్ళే పొద్దున్నే కొట్టు దగ్గరికి నడిచారని అమ్మ వందసార్లు చెప్పి ఉంటుంది. నాకు స్వయంగా గుర్తున్నది ఒక్కటే - వీధిలో చిందిపోయిన సారా వాసన. ముప్ఫై ఏళ్ళు దాటినా మద్యం అనగానే నా ముక్కుకి ముందు తగిలేది ఆ వాసనే. ఈ అమ్మాయేమో "చెర్రీపండు, తోలు, ఎండుటాకులు... ఏమనిపిస్తోంది మీకు?" అని అడుగుతోంది. ఏం చెప్పను?

చెప్పడానికేమీ లేక, ఎదురు ప్రశ్న అడిగాను. "ఫాదర్లు తీసుకొచ్చారు సరే. నాటింది ఎవరు?" నా స్నేహితురాలు ఆ ప్రశ్నని స్పానిష్‌లోకి మార్చి చెప్పింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి నవ్వింది. "ఆ సంగతి మా స్క్రిప్టులో లేదు" అంది.

స్క్రిప్టులో లేనిదాన్ని వెదుక్కోవడమే కదా మన పని. తిరిగొచ్చాక కొన్ని నెలలు ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివాను. ఇది ఆ చదువు కథ.

మెక్సికోలో ద్రాక్ష చరిత్ర ఒక లెక్కతో మొదలవుతుంది. 1521లో ఆజ్తెక్ రాజధానిని జయించిన ఎర్నాన్ కోర్తెస్ 1524లో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. స్థానికుల చాకిరీ మీద హక్కు పొందిన ప్రతి స్పెయిన్ దొరా, తన కిందున్న ప్రతి వందమంది 'ఇండియన్ల'కీ ఏడాదికి వెయ్యి చొప్పున ద్రాక్షమొక్కలు నాటించాలి. వందమంది మనుషులు, వెయ్యి మొక్కలు. ఆ వందమందిలో ఆడవాళ్ళెందరో, పిల్లలెందరో ఆజ్ఞకి అవసరం లేదు. మనిషి అక్కడ మొక్కని లెక్కపెట్టడానికి ఒక కొలత మాత్రమే. డెబ్భై ఏళ్ళు తిరిగేసరికి పరిస్థితి తలకిందులైంది. స్పెయిన్‌లోని వైన్ వ్యాపారానికి వలస దేశపు వైన్ పోటీ కాకూడదని 1595లో రాజు రెండవ ఫిలిప్ ఇక్కడ కొత్త తోటలు నాటడాన్ని నిషేధించాడు. నాటమన్నదీ వాళ్ళే, మానమన్నదీ వాళ్ళే. అయినా ఉత్తరాన పార్రాస్ అనే చోట 1597లో రాజు అనుమతితోనే మొదలైన తోట ఒకటి ఈనాటికీ వైన్ తయారుచేస్తోంది. మతాచారం కోసం కావాలి గనక చర్చి తోటలూ సాగాయి.

బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పానికి ద్రాక్ష 18వ శతాబ్దంలో జెసూట్ ఫాదర్లతో వచ్చింది. వాళ్ళ తర్వాత ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు. వాళ్ళు మిషన్ నుంచి మిషన్‌కి మోసుకెళ్ళిన నల్లద్రాక్షకి 'మిసియోన్' అనే పేరే స్థిరపడింది. స్పెయిన్‌లో దాదాపు అందరూ మర్చిపోయిన 'లిస్తాన్ ప్రియేతో' అనే పాత రకమే ఇదని ఈ శతాబ్దంలో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. ద్రాక్షతీగకి పుట్టిల్లు వెదికి పెట్టారు. ఆ తీగకి నీళ్ళు పోసిన చేతులకి మాత్రం పేర్లు లేవు.

గ్వాదలూపె లోయలో డొమినికన్ ఫాదర్ ఫెలిక్స్ కబయేరొ 1834లో మిషన్ స్థాపించాడు. రెండు కాలిఫోర్నియాల్లోనూ కట్టిన మిషన్లలో ఇదే చివరిది. కట్టింది కుమియాయ్ ప్రజలు. వేల ఏళ్ళుగా ఈ కొండల్లో సింధూరపు గింజలు ఏరుకుని, దంచి, చేదు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి, జావ కాచుకుని బతికిన వాళ్ళు. వాళ్ళ నాయకుడు హత్నీల్ మొదట్లో ఫాదర్‌కి మిత్రుడే. గోడలు లేపడానికీ, పంటలు వెయ్యడానికీ తన మనుషుల్ని తోడిచ్చాడు. తర్వాత ఫాదర్ వాళ్ళకి బలవంతంగా బాప్తిస్మం ఇచ్చి మిషన్ పనిలో కట్టిపడెయ్యడం మొదలుపెట్టాక తిరగబడ్డాడు. 1840లో మిషన్ మీద దాడి చేశాడు. మిషన్ మూతపడింది.

ఇదంతా మనకెలా తెలిసింది? మానుయేల్ క్లెమెంతె రోహో అనే ఆయన హత్నీల్ చెప్పిన మాటల్ని రాసిపెట్టాడు గనక. ఓడిన పక్షపు మాట అంత స్పష్టంగా కాగితం మీదికెక్కడం ఆ కాలపు చరిత్రలో అరుదు. అది చదువుతుంటే నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ అదే కథనంలో ఒక చోట ఆగిపోయాను.

దాడి జరిగినప్పుడు ఫాదర్ చర్చిలో పాటలు పాడేవాళ్ళు నిలబడే పై అరుగు మీదికి పారిపోయాడట. అక్కడ మిషన్‌లో ఉండే మరియా గ్రాసియా అనే స్త్రీ ఉంది. దాచమని ఆమెని ప్రాధేయపడ్డాడు. ఆమె తన పావడా కింద ఆయన్ని దాచింది. హత్నీల్ మనుషులు వచ్చి చూస్తే ఆమె ఒక్కతే కనిపించింది. వెనక్కి వెళ్ళిపోయారు. ఫాదర్ బతికిపోయాడు.

చరిత్రలో మరియా గ్రాసియా ఉన్నది ఈ కొన్ని నిమిషాలే. ముందు లేదు, తర్వాత లేదు. ఒక పావడాగా వచ్చి, పావడాగానే వెళ్ళిపోయింది. ఈ కథని చెప్పుకునేవాళ్ళు సాధారణంగా ఇక్కడ నవ్వుతారు - గొప్ప ఫాదర్ ఆడదాని పావడా కింద దూరాడని. నాకు నవ్వు రాలేదు. ఆమె ఎందుకు దాచింది? భక్తా? భయమా? జాలా? చంపడమనేదే తప్పనుకుందా? ఆ కత్తులు పట్టుకొచ్చిన వాళ్ళలో ఆమె అన్నదమ్ములుంటే? రేపు ఏ ఊరికి వెళ్ళి తలదాచుకోవాలో ఆమెకి తెలుసా? హత్నీల్‌ని "ఎందుకు తిరగబడ్డావు" అని అడిగినట్టు "నువ్వెందుకు దాచావు" అని ఆమెని అడిగి రాసుకున్న కాగితం లేదు. తిరుగుబాటుకి కారణం అడగాలని తోచింది. కాపాడడానికి కారణం ఉంటుందని తోచలేదు. అది ఆడవాళ్ళు ఎలాగూ చేసే పని కదా!

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'ను వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని కూర్చోబెట్టి మాట్లాడించిన పుస్తకం అది. పోరాట చరిత్రలో వాళ్ళు అన్నం పెట్టిన చేతులుగా, దాచిన ఇళ్ళుగా కనిపిస్తారు. మాట్లాడనిచ్చేసరికి అదే పోరాటం వేరేగా కనిపించింది. పరిశోధన విద్యార్థినిగా నేను నేర్చుకున్న మొదటి పాఠం ఆ పుస్తకమే. అందుకే గ్వాదలూపె లోయలో మాట్లాడిన ఆడవాళ్ళు ఎవరైనా దొరుకుతారేమోనని అటూ ఇటూ వెదికాను. ఇద్దరు దొరికారు.

మొదటామె యులాలియా పెరెస్. బాహా కాలిఫోర్నియాలోని లొరెతోలో పుట్టింది. భర్త పోయాక పిల్లలతో ఉత్తరాన, ఈనాటి లాస్ ఏంజెలెస్ పక్కనున్న సాన్ గాబ్రియేల్ మిషన్‌లో చేరి, అక్కడ తాళాల పెత్తనందారు అయింది. ఆ మిషన్ వైన్‌కి పేరుమోసింది. 1877లో చరిత్రకారుడు బాన్‌క్రాఫ్ట్ పంపిన ఉద్యోగి ఒకాయన ఆమె దగ్గర కూర్చుని ఆమె చెప్పింది రాసుకున్నాడు. అప్పటికి ఆమె పండు ముసలి. వంట, బట్టలు కత్తిరించడం, సరుకులు పంచడం, సబ్బు తయారీ, నూనె తీయడం, ద్రాక్షరసం పిండించడం - ఇవన్నీ తన పెత్తనంలోనే జరిగేవని ఆమె లెక్కపెట్టి చెప్పింది. అంటే కాలిఫోర్నియా తొలినాటి వైన్ తయారీలో ఒక ఆడమనిషి అజమాయిషీ ఉందని ఆమె నోటే తెలుస్తోంది. ఏ రుచి చూపించే గదిలోనూ ఎవరూ ఆమె పేరు చెప్పరు.

అంతమాత్రాన ఆమెని మన నాయికగా చేసుకుని ఊరుకోవడానికి లేదు. ఆమె చేతిలోని తాళాల్లో ఇంకొకటి కూడా ఉంది. మిషన్లలో పెళ్ళికాని స్థానిక అమ్మాయిలని రాత్రిళ్ళు ఒక గదిలో పెట్టి తాళం వేసేవారు. ఆ గదికి 'మొంహెరియో' అని పేరు - సన్యాసినుల గది అని అర్థం. ఆ అమ్మాయిలు సన్యాసినులు కారు. ఇంటి నుంచి తెచ్చిన పిల్లలు. గాలాడని ఆ గదుల్లో జబ్బులు తేలిగ్గా అంటుకునేవి. రాత్రి తాళం పడ్డాక తాళంచెవి ఫాదర్‌కి చేరేదని యులాలియా మామూలు విషయంలా చెప్పుకుపోతుంది. వైన్ కొట్టు తాళమూ, అమ్మాయిల గది తాళమూ ఒకే గుత్తిలో! స్త్రీ గొంతు దొరికిందని సంబరపడే ముందు అది ఏ స్త్రీదో, ఏ తలుపుకి ఏ పక్క నిలబడి మాట్లాడుతోందో చూసుకోవాలని మన దళిత రచయిత్రులు మనకి నేర్పారు. యులాలియా వాంగ్మూలం చదువుతుంటే ఆ పాఠం మళ్ళీ గుర్తొచ్చింది.

రెండో ఆమె డెల్ఫీనా క్వేరో. కుమియాయ్ స్త్రీ. సుమారు 1900లో సాన్ డియేగో ప్రాంతంలో పుట్టింది. 1848లో మెక్సికో, అమెరికాల మధ్య యుద్ధం ముగిశాక గీసిన సరిహద్దు కుమియాయ్ నేల నడిమధ్యగా పోయింది. ఒకే జాతి రెండు దేశాలకి చెందింది. డెల్ఫీనా వాళ్ళు ఉన్న చోటల్లా ఎవరో ఒకరు వచ్చి ఇది మా భూమి అనడం, వీళ్ళు మూటా ముల్లే సర్దుకోవడం. తిండి వెదుక్కుంటూ అలా దక్షిణానికి జరుగుతూ పోయి మెక్సికోలో తేలారు. సరిహద్దు దాటామని కూడా వాళ్ళకి తెలియదు. భర్త చనిపోయాక పిల్లలతో ఆమె పడ్డ పాట్లు మాటల్లో చెప్పలేనివి. తిరిగి పుట్టినచోటికి పోదామంటే పుట్టుక కాగితం లేదు. ఫ్లోరెన్స్ షిపెక్ అనే మానవశాస్త్రవేత్త, ఒక కుమియాయ్ స్త్రీ దుబాసీగా ఉండగా, డెల్ఫీనా జీవితకథ విని రాసింది. అది 1968లో పుస్తకంగా వచ్చింది.

ఈ పుస్తకం పుట్టిన కారణం నన్ను వెంటాడుతోంది. మనం ఆత్మకథల్ని అస్తిత్వం కోసం, ఆత్మగౌరవం కోసం చదువుతాం, సిద్ధాంతాలు రాస్తాం. డెల్ఫీనాకి కథ చెప్పుకోవడం కాగితానికి బదులు. ఏ కొండ దగ్గర ఏ గింజలు ఏరుకున్నారో, ఏ మొక్క ఏ జబ్బుకి వాడారో, ఏ సముద్రపు ఒడ్డున నత్తలు ఏరారో ఆమె చెబితే, తను ఈ నేలదేనని రుజువు చెయ్యడానికి అది సాయపడింది. ఆడవాళ్ళు కూడబెట్టిన వంటింటి జ్ఞానమే పౌరసత్వానికి సాక్ష్యంగా నిలబడింది. ఆమె తిరిగి వెళ్ళగలిగింది. 1972లో చనిపోయింది.

లోయ కథ అక్కడితో ఆగలేదు. 1905లో రష్యా నుంచి మొలొకాన్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు సుమారు వంద కుటుంబాలు ఈ లోయలో స్థిరపడ్డారు. యుద్ధం చెయ్యం, తుపాకి పట్టం అన్నందుకు దేశం విడిచిన వాళ్ళు. చర్చి ఉపవాస రోజుల్లో కూడా పాలు తాగుతారని వాళ్ళకి ఆ పేరొచ్చింది. మద్యానికి దూరంగా ఉండమని చెప్పే మతం. మొదట గోధుమ పండించారు, తర్వాత వాళ్ళలో చాలామంది ద్రాక్ష వేశారు. ఈ లోయని ద్రాక్షలోయగా చేసినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. 1958లో భూమి లేని మెక్సికన్ రైతులు పెద్ద సంఖ్యలో వచ్చి వాళ్ళ భూముల్లో దిగారు. రష్యన్ కుటుంబాలు చాలావరకు చెదిరిపోయాయి. ఊరి పేరు ఫ్రాన్సిస్కో సార్కోగా మారింది. అక్కడి చిన్న రష్యన్ మ్యూజియంలో పాత సమోవార్లూ, కుట్టుపనులూ, ఆడవాళ్ళ తలగుడ్డలూ చూశాను. కుమియాయ్‌ల నేల మీద రష్యన్లు, రష్యన్ల నేల మీదికి మెక్సికన్ పేదలు. ఎవరిని తప్పు పట్టాలో తెలియని వరస ఇది. భూమి చేతులు మారిన ప్రతిసారీ ఇల్లు సర్దుకున్నది మాత్రం ఆడవాళ్ళే.

ఇవాళ ఈ లోయలో వైన్ తయారుచేసే స్త్రీలు ఉన్నారు, తోటల యజమానులూ ఉన్నారు. మొగోర్ బదాన్ తోట నడిపే నటాలియా బదాన్ లోయని రిసార్టులకీ, బంగళాలకీ ధారపోయకుండా వ్యవసాయభూమిగానే ఉంచాలని ఏళ్ళ తరబడి పోరాడుతోంది. ఆ పోరాటానికి మూలం నీళ్ళు. ఇక్కడ వాన తక్కువ. భూగర్భజలాన్ని తోటలూ తోడుతున్నాయి, ఎన్సెనాడా నగరమూ తోడింది, ఇప్పుడు ఈతకొలనులూ తోడుతున్నాయి. తోడేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. ఈ లోయ వైన్‌లో సన్నటి ఉప్పదనం ఉంటుందని రసికులు మెచ్చుకుంటూ రాస్తారు. భూమి గొంతెండిపోతుంటే వచ్చే రుచి అది.

కోసేవాళ్ళలో చాలామంది దక్షిణాదిన ఓహాకా లాంటి రాష్ట్రాల నుంచి వచ్చిన మూలవాసులు. ఇదే రాష్ట్రంలో, ఎన్సెనాడాకి దక్షిణాన ఉన్న సాన్ కింతిన్‌లో 2015 మార్చిలో వేలమంది వ్యవసాయ కూలీలు సమ్మె చేశారు. అవి ద్రాక్షతోటలు కావు - టమాటా, స్ట్రాబెర్రీ పొలాలు. కూలి పెంచమనీ, ఆరోగ్య బీమాలో చేర్చమనీ అడిగారు. మేస్త్రీలు ఆడకూలీల మీద చేసే లైంగిక వేధింపులు ఆపాలన్నది కూడా వాళ్ళ డిమాండ్లలో ఒకటి. మాకు వైన్ పోసిన అమ్మాయి తల్లి ఆ పొలాల్లోనే పనిచేసింది. "మా అమ్మ ఇక్కడికి ఒక్కసారే వచ్చింది. వైన్ తాగలేదు. గ్లాసు పగులుతుందని భయపడింది" అని చెప్పింది ఆ అమ్మాయి. నవ్వుతూనే చెప్పింది.

ఆ మాట వినగానే మా అమ్మ గుర్తొచ్చింది. మా ఆడవాళ్ళు సారా వేలంపాటలు ఆపారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. మద్యం మాత్రం అప్పటికే వేషం మార్చుకుంది. ప్లాస్టిక్ ప్యాకెట్‌లో ఉన్నప్పుడు అది సమస్య. కాడ ఉన్న గ్లాసులో పోస్తే సంస్కృతి. ప్యాకెట్ తాగినవాడి భార్య కూలిడబ్బుల కోసం కాసుకు కూచుంటుంది. గ్లాసు తాగేవాళ్ళకి ఉమ్మెయ్యడానికి కూడా పాత్ర ఉంటుంది. నేను ఇప్పుడు ఆ పాత్ర పక్కన కూర్చున్నదాన్ని. అమ్మ పోరాడింది నన్ను చదివించుకోవడానికి. ఆ చదువే నన్ను ఇక్కడికి తెచ్చింది. ఇందులో గర్వం ఎంతో, సిగ్గు ఎంతో నేను విడదీయలేకపోయాను.

ఆ వైన్ తాగాను. దాచడం ఎందుకు? చేదుగా, వగరుగా, చివర్లో నిజంగానే ఉప్పగా ఉంది. రాత్రి ఫోన్‌లో అమ్మకి చెప్పేశాను. కొంచెంసేపు మాట్లాడలేదు. కోప్పడుతుందనుకున్నాను.

"ఆ తోటలో కూలి ఎంతిస్తారంట?" అని అడిగింది.

అడగలేదు నేను. అంతసేపు కూర్చుని, చరిత్ర అడిగాను, మొక్క ఎవరు నాటారో అడిగాను. పక్కనే ఉన్న అమ్మాయిని, ఆమె తల్లిని, కూలి ఎంతని అడగాలని తోచలేదు. రోహోకి మరియా గ్రాసియాని అడగాలని తోచనట్టే.

"ఈసారి వెళ్తే అడుగు" అంది అమ్మ.